వరిపూల పిట్ట ఎక్కడికి పోయింది?

(చదువు కేంద్రంలో మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం)



పగలంతా చేలో పని. ఇంటికొస్తే వంట, పిల్లలు, గొడ్డూ గోదా. అయినా పలకా పుస్తకం పట్టుకుని కేంద్రానికి వచ్చారు. చాలా సంతోషం.

ఈ పూట ఒక పిట్ట గురించి చెప్పుకుందాం. పిట్ట కథ అంటే ఉత్త కథ అనుకోకండి. ఇది జరిగిన కథ. ఇంకా జరుగుతున్న కథ.

ఒకప్పుడు ఈ పిట్టలు లెక్కలేనన్ని ఉండేవి. "ఎన్నో ఉన్నాయి గదా, నాలుగు పోతే ఏమవుతుంది?" అని అందరూ అనుకున్నారు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి నూటికి పదో పదిహేనో మిగిలాయి. కొన్ని చోట్ల ఒక్కటీ మిగల్లేదు.

ఎందుకు ఇట్లా అయ్యింది? అదే ఈ పూట మన మాట.

పిట్టలు మనకు కొత్త కాదు

పిట్టల సంగతి మీకు ఒకరు చెప్పాలా? జొన్న చేలో కంకి పాలు పోసుకునే వేళ మంచె ఎక్కేది ఎవరు? డబ్బా కొట్టేది ఎవరు? వడిసెల తిప్పి, హోయ్ అని అరిచి పిట్టల్ని తోలేది ఎవరు? చాలా ఊళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలే.

కోతలు అయ్యాక వరి కంకులు ఏరి కుచ్చులుగా అల్లేదీ మనవాళ్ళే. ఆ కుచ్చుల్ని ఇంటి చూరుకు, గుడి మండపానికి కట్టేవాళ్ళు. పిచ్చుకలు వచ్చి తినాలని. చేలో పిట్టను తోలిన చెయ్యే ఇంటి దగ్గర పిట్టకు గింజ పెట్టింది. ఇది పెద్దల నాటి మర్యాద.

వలస పిట్టలు కూడా మనకు కొత్త కాదు. నేలపట్టు, తేలినీలాపురం, వీరాపురం అనే ఊళ్ళ పేర్లు వినే ఉంటారు. ఏటా అక్కడికి దూరం నుంచి పెద్ద పెద్ద కొంగలు, గూడబాతులు వస్తాయి. చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, మళ్ళీ పోతాయి. ఆ ఊరివాళ్ళు వాటి జోలికి పోరు. పిట్టలు వస్తే ఊరికి మంచి జరుగుతుందని నమ్ముతారు.

ఈ పూట చెప్పుకునే పిట్ట మాత్రం చాలా చిన్నది. మామూలుగా మన ఊళ్ళకు వచ్చేది కాదు. మన దేశంలో ఈశాన్యం వైపు, అంటే అస్సాం వైపు వస్తుంది. దాని చుట్టాలు మాత్రం మన దక్కను జొన్న చేలకు చలికాలంలో వస్తాయి. తల నల్లగా, పొట్ట పసుపుపచ్చగా ఉండే పిట్టలు గుంపుగా జొన్న కంకుల మీద వాలతాయి. అవి ఈ పిట్టకు దగ్గరి చుట్టాలే.

ఈ పిట్ట ఎట్లా ఉంటుంది?

ఇంగ్లీషులో దీన్ని యెల్లో బ్రెస్టెడ్ బంటింగ్ అంటారు. అంటే పసుపు రొమ్ము పిట్ట. చైనా దేశంలో దీన్ని వరిపూల పిట్ట అని పిలుస్తారు. వరి పూత మీద ఉండే రోజుల్లో పొలాల్లో కనిపిస్తుంది గనక ఆ పేరు. మనమూ వరిపూల పిట్ట అనే అందాం.

ఇది మన పిచ్చుక అంత ఉంటుంది. బరువు 20 నుంచి 25 గ్రాములు. అంటే రెండు, రెండున్నర తులాలు.

మగ పిట్ట ముఖం నల్లగా ఉంటుంది. వీపు ముదురు గోధుమ రంగు. రొమ్మూ పొట్టా పసుపు ముద్ద. ఆ పసుపు మీద అడ్డంగా ఒక సన్నని గోధుమ రంగు పట్టీ. మెడలో పుస్తెల తాడు వేసుకున్నట్టు ఉంటుంది. ఆడ పిట్టకు ఇంత సింగారం లేదు. లేత పసుపు మీద చారలు ఉంటాయి. గడ్డిలో కూర్చుంటే కనపడదు. నేల మీది గూట్లో పొదిగే తల్లికి అట్లా ఉండడమే మేలు.

మగ పిట్ట పొద మీద కూర్చుని పాడుతుంది. పిల్లనగ్రోవి ఊదినట్టు తియ్యగా ఉంటుంది ఆ పాట. ఒకప్పుడు రష్యా దేశంలో ఏటి ఒడ్డున ఏ పొద దగ్గర నిలబడినా ఆ పాట వినిపించేది.

వేల కిలోమీటర్ల దారి

మన దగ్గర పాలమూరు వలస ఎట్లాంటిదో అందరికీ తెలుసు. వానలు లేకపోతే తట్టా బుట్టా సర్దుకుని పని ఉన్న చోటికి పోవాలి. పని అయ్యాక ఇంటికి రావాలి. ఈ పిట్టదీ అదే బతుకు.

ఎండాకాలంలో అది ఉత్తరాన ఉంటుంది. పడమట ఫిన్లాండు దేశం దగ్గర మొదలుపెట్టి, రష్యా అంతా దాటి, తూర్పున జపాను దాకా దాని పుట్టిల్లు. అక్కడ తడి గడ్డి నేలల్లో, పొదల మధ్య, నేల మీదే గూడు కడుతుంది. నాలుగైదు గుడ్లు పెడుతుంది. రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలకు పురుగుల్ని ఏరి తెచ్చి నోట్లో పెడుతుంది.

ఆ దేశాల్లో చలికాలం వస్తే అంతా మంచు. గింజ దొరకదు. పురుగు దొరకదు. అందుకని ఎండలు తగ్గకముందే పిట్ట బయలుదేరుతుంది.

ఇక్కడ ఒక వింత ఉంది. ఫిన్లాండు పిట్ట నేరుగా దక్షిణానికి రాదు. ముందు తూర్పుగా పోతుంది. రష్యా అంతా అడ్డంగా దాటుతుంది. ఆ తరవాత దక్షిణానికి తిరిగి చైనాలోకి దిగుతుంది. అంటే, పడమటి పిట్ట అయినా తూర్పు పిట్ట అయినా దాదాపు అన్నీ చైనా మీదుగానే పోవాలి. నాలుగు ఊళ్ళ బండ్లూ ఒకే వంతెన దాటి సంతకు పోయినట్టు.

చైనాలో యాంగ్జీ అనే పెద్ద నది ఉంది. ఆ నది పల్లంలో ఈ పిట్టలు కొన్ని వారాలు ఆగుతాయి. అక్కడ పాత ఈకలు రాల్చి కొత్త ఈకలు తెచ్చుకుంటాయి. తరవాత ఇంకా కిందికి వస్తాయి. దక్షిణ చైనా, వియత్నాం, థాయిలాండు, కంబోడియా, మయన్మార్, బంగ్లాదేశ్, నేపాల్, మన ఈశాన్య రాష్ట్రాలు. చలికాలం అంతా అక్కడి వరి పొలాల్లో, గడ్డి నేలల్లో రాలిన గింజ ఏరుకుని తింటాయి. రాత్రికి జమ్ములో, రెల్లులో గుంపుగా పడుకుంటాయి. ఎండలు ముదిరే వేళకు మళ్ళీ పుట్టింటి దారి పడతాయి.

పోను వేల కిలోమీటర్లు. రాను వేల కిలోమీటర్లు. రెండున్నర తులాల ఒళ్ళు!

వలస పోయే కూలీకి ఏం కావాలి? ఇంటి దగ్గర గూడు ఉండాలి. దారిలో తిండీ నీళ్ళూ దొరకాలి. పోయిన చోట పని ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి చెడినా బతుకు చెడుతుంది. పిట్టకూ అంతే. పుట్టిల్లు బాగుంటే చాలదు. దారి బాగుండాలి. పోయిన చోటూ బాగుండాలి.

ఎన్ని ఉండేవి? ఎన్ని మిగిలాయి?

1980 నాటికి ఈ పిట్ట ఆ ఉత్తర దేశాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పిట్టల్లో ఒకటి. మన దగ్గర కాకి, పిచ్చుక ఎట్లాగో అట్లా.

1980కీ 2013కీ మధ్య 33 ఏళ్ళు. ఆ 33 ఏళ్ళలో ఏం జరిగిందో కొందరు పండితులు లెక్క కట్టారు. చాలా దేశాల్లో పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళు రాసుకున్న పుస్తకాలన్నీ ఒక చోట చేర్చారు. ఆ లెక్క 2015లో బయటపెట్టారు.

లెక్క ఇది. నూటికి 84 నుంచి 95 దాకా పోయాయి.

ఈ లెక్క పలక మీద వేసి చూడండి.

100లో 84 తీసేస్తే 16.
100లో 95 తీసేస్తే 5.

అంటే 100 పిట్టలు ఉన్న చోట 16 మిగిలితే ఎక్కువ. 5 మిగిలితే తక్కువ. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంది నిజం.

పుట్టిల్లు కూడా కుంచించుకుపోయింది. పడమటి వైపు నుంచి 5,000 కిలోమీటర్ల మేర పిట్టలు మాయం అయ్యాయి. ఫిన్లాండులో ఇక గూడు కట్టేదే లేదు.

ప్రపంచంలో ఏ జీవికి ఎంత ప్రమాదం ఉందో చూసి పట్టిక రాసే సంఘం ఒకటి ఉంది. దాన్ని ఐ.యు.సి.ఎన్. అంటారు. 2004కు ముందు ఆ పట్టికలో ఈ పిట్టకు ఏ భయమూ లేదు. 2004లో "జాగ్రత్త" అన్నారు. 2008లో "ప్రమాదం" అన్నారు. 2013లో "పెద్ద ప్రమాదం" అన్నారు. 2017లో "అన్నిటికన్నా పెద్ద ప్రమాదం" అన్న వరసలో పెట్టారు. జ్వరం నాలుగు మెట్లు ఎక్కినట్టు, 13 ఏళ్ళలో నాలుగు మెట్లు.

కారణాలు ఏమై ఉండొచ్చు?

ఇంట్లో పిల్లవాడికి జబ్బు చేస్తే ఏం చేస్తాం? ఏం తిన్నాడు, ఎక్కడ తిరిగాడు, ఏ నీళ్ళు తాగాడు, అన్నీ అడుగుతాం. ఒక్కొక్కటే చూస్తాం. పండితులూ అట్లాగే చూశారు.

ఒకటి: పుట్టింట్లో గూడు కట్టే చోటు తగ్గిందా?

కొన్ని చోట్ల తడి నేలల్లో నీళ్ళు తీసేసి సేద్యం చేశారు. అక్కడ గూడు పెట్టే చోటు పోయింది నిజమే. కాని రష్యాలో ఇంకో సంగతి జరిగింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఆ తరవాత అక్కడ చాలా పెద్ద పొలాలు బీడు పడ్డాయి. గడ్డీ పొదలూ పెరిగాయి. గూటికి చోటు తగ్గడమే అసలు కారణం అయితే అట్లాంటి చోట పిట్టలు పెరగాలి గదా? పెరగలేదు. తగ్గుతూనే పోయాయి. కాబట్టి పెద్ద దెబ్బ పుట్టింట్లో తగల్లేదని అర్థం అయ్యింది.

రెండు: పోయిన చోట తిండి తగ్గిందా?

ఈ పిట్ట చలికాలం అంతా వరి కోసిన మళ్ళ మీద బతుకుతుంది. కొయ్యకాళ్ళ మధ్య రాలిన గింజ దాని తిండి. ఇప్పుడు చాలా చోట్ల కోత కాగానే నీళ్ళు పెట్టి మళ్ళీ దున్నుతున్నారు. రెండో పంట వేస్తున్నారు. రైతుకు అది అవసరమే. కాని రాలిన గింజ పిట్టకు దొరకదు. జమ్మూ రెల్లూ కొట్టేసి పొలాలు చేశారు. రాత్రి పడుకునే చోటు పోయింది.

మూడు: పురుగు మందులు.

మందు కొడితే పురుగు చస్తుంది. పురుగు లేకపోతే పిట్టకు తిండి లేదు. మందు అంటిన గింజా పురుగూ తింటే పిట్ట ఒంట్లోకీ మందు పోతుంది. వరి పొలాల్లో మందుల వాడకం పెరిగిన కాలమూ, పిట్టలు తగ్గిన కాలమూ కొంత కలుస్తాయి. ఇది కూడా తోడయ్యి ఉండొచ్చు.

నాలుగు: వేట.

ఇక్కడే అసలు కథ ఉంది.

దారిలో పరిచిన వల

ఇందాక వంతెన మాట చెప్పుకున్నాం. ఎక్కడెక్కడి పిట్టలూ చైనా మీదుగానే పోవాలి. పైగా ఈ పిట్ట ఒంటరిగా ఉండదు. వేల పిట్టలు గుంపు కట్టి పొద్దు వాలే వేళకు జమ్ములో దిగుతాయి. వల కట్టేవాడికి అదే అదను. ఒక్క రాత్రిలో ఎన్నో చిక్కుతాయి.

దక్షిణ చైనాలో ఈ పిట్టను తినడం పాత అలవాటు. తింటే బలం వస్తుందని నమ్మకం. ఆకాశంలో తిరిగే బలం మందు అని పేరు పెట్టారు. మన దగ్గర కూడా ఫలానా పిట్ట మాంసం ఉబ్బసానికి మంచిది, ఫలానా రక్తం పక్షవాతానికి మంచిది అంటారు గదా. అట్లాంటి మాటే. రెండున్నర తులాల పిట్టలో ఈకలూ ఎముకలూ పోతే మాంసం ఎంత? గుప్పెడు పప్పులో ఉన్న బలం అందులో ఉంటుందా?

ముందు ఆ అలవాటు చిన్న ప్రాంతంలోనే ఉండేది. ఊరివాళ్ళు కొద్దిగా పట్టుకునేవాళ్ళు, తినేవాళ్ళు. తరవాత చైనాలో డబ్బు పెరిగింది. పట్నాల్లో హోటళ్ళు పెరిగాయి. పెద్ద విందు అంటే ఈ పిట్ట ఉండాలి అన్నారు. గిరాకీ పెరిగింది. సన్న దారపు వలలు పొలాల పొడుగునా లేచాయి. దగ్గర్లో పిట్టలు తగ్గితే ఇంకా దూరం పోయి పట్టారు.

1997లో చైనా ప్రభుత్వం ఈ వేటను నిషేధించింది. కాని చాటుమాటుగా అమ్మకం సాగింది. 2001లో ఒక్క గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోనే పది లక్షల పిట్టల్ని తిన్నారని అంచనా. ఒక్క రాష్ట్రం. ఒక్క ఏడాది. పది లక్షలు.

తాగుడు సంగతి మీకు తెలుసు. సారా మానాలి అని కాగితం మీద రాస్తే చాలదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు కదిలారు, ఊళ్ళు కదిలాయి, అప్పుడే దుకాణం మూతపడింది. చట్టం కావాలి. చట్టాన్ని నిలబెట్టే జనం కూడా కావాలి.

ఇక్కడ ఒక మాట. వల వేసినవాడు ఒక్కడే తప్పు చేశాడా? వాడికీ పొట్ట ఉంది. హోటల్లో పళ్ళెం ముందు కూర్చున్నవాడు అడగకపోతే వల లేచేది కాదు. "ఒక్క పిట్టే గదా" అని ప్రతివాడూ అనుకున్నాడు. పది లక్షల మంది అట్లా అనుకుంటే పది లక్షల పిట్టలు పోయాయి.

విత్తనం గింజ తింటే వచ్చే ఏడు ఏం చల్లుతాం? వలలో పడినవి వచ్చే ఏడాది గూడు కట్టాల్సిన తల్లీ తండ్రీ. అందుకే ఫిన్లాండులో ఎవరూ ఏమీ చేయకపోయినా అక్కడి గూళ్ళు ఖాళీ అయ్యాయి. దెబ్బ ఒక చోట, ఖాళీ ఇంకో చోట.

అందుకనే లెక్క కట్టిన పండితులు వేటనే పెద్ద కారణం అన్నారు. పొలాల మార్పు, జమ్ము పోవడం, మందులు దానికి తోడు అన్నారు. పడిన మనిషిని నాలుగు చేతులు తోసినట్టు.

ఎన్నో ఉన్నా పోతాయా?

పోతాయి. అంతకు ముందు ఒకసారి పోయాయి.

అమెరికాలో ప్యాసింజర్ పావురం అని ఒక అడవి పావురం ఉండేది. 300 కోట్ల నుంచి 500 కోట్ల దాకా ఉండేవని అంచనా. ఆ గుంపు పైనుంచి పోతుంటే గంటల తరబడి ఎండ కనపడేది కాదట. రైలు వచ్చింది. తంతి వచ్చింది. గుంపు ఎక్కడ దిగిందో వేటగాళ్ళకు వెంటనే తెలిసేది. పీపాల్లో నింపి పట్నాలకు పంపేవాళ్ళు. అడవులూ నరికేశారు. చివరికి ఒకే ఒక్క ఆడ పావురం మిగిలింది. దాని పేరు మార్తా. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి అనే ఊరి జంతుశాలలో అది చచ్చిపోయింది. అంతే. ఆ జాతి ముగిసింది.

పంట తినే పిట్ట పోతే మంచిదే గదా?

మీలో ఎవరైనా ఈ మాట అడగవచ్చు. అడగాల్సిందే. మంచె మీద ఎండలో కూర్చునేది మీరే గనక.

దీనికి జవాబు కూడా చైనా కథలోనే ఉంది. 1958లో అక్కడి ప్రభుత్వం నాలుగు పీడల్ని చంపమంది. ఎలుక, ఈగ, దోమ, పిచ్చుక. పిచ్చుక గింజలు తింటుందని దాన్నీ కలిపారు. ఊరూ వాడా కదిలి డబ్బాలు కొట్టారు. పిచ్చుకల్ని ఎక్కడా వాలనివ్వలేదు. అవి అలిసి రాలిపోయాయి. తరవాత ఏమైంది? పిచ్చుకలు తినే పురుగులు పెరిగాయి. పంటకు ఇంకా చెరుపు జరిగింది. 1960లో పిచ్చుకను ఆ జాబితాలోంచి తీసేసి నల్లిని పెట్టారు.

గింజ తినే పిట్ట కూడా పిల్లల్ని పురుగులతోనే పెంచుతుంది. వరిపూల పిట్టా అంతే. అది తినే గింజ మన కంటికి కనపడుతుంది. అది తిన్న పురుగు కనపడదు. అదే తేడా.

దారి లేదా?

ఉంది. రెండు మూడు మంచి మాటలు కూడా వినండి.

2020లో చైనా అడవి జంతువుల మాంసం తినడాన్ని నిషేధించింది. 2021లో వరిపూల పిట్టను మొదటి తరగతి రక్షణ ఉన్న జీవుల్లో చేర్చింది. ఏనుగుకు, పులికి ఇచ్చేంత రక్షణ ఇప్పుడు ఈ చిన్న పిట్టకు కాగితం మీద ఉంది.

హాంగ్‌కాంగ్‌లో లాంగ్ వ్యాలీ అనే పల్లం ఉంది. అక్కడ వరి వేయడం దాదాపు మానేశారు. పిట్టల్ని కాపాడే సంఘాలు రైతులతో మాట్లాడి మళ్ళీ వరి వేయించాయి. కొంత పంట పిట్టలకే వదిలేస్తారు. చలికాలం ముందు వరిపూల పిట్టలు అక్కడ దిగుతాయి. మన చూరు కింది వరి కుచ్చు లాంటిదే ఆ పని. కాస్త పెద్ద కుచ్చు.

మన దేశంలోనే ఇంకో కథ జరిగింది. నాగాలాండు రాష్ట్రంలో దోయాంగ్ అనే పెద్ద చెరువు ఉంది. సైబీరియా వైపు నుంచి ఆఫ్రికాకు పోయే అమూర్ డేగలు అక్కడ ఆగుతాయి. అవి పాట పిట్టలు కావు, చిన్న డేగలు. కాని దారి కష్టం ఒకటే. 2012లో అక్కడ వలలు కట్టి లక్షకు పైగా డేగల్ని పట్టారని అంచనా. ఆ సంగతి బయటికి వచ్చింది. అధికారులు వచ్చారు. చర్చి పెద్దలు మాట్లాడారు. పాంగ్టి లాంటి ఊళ్ళవాళ్ళు కూర్చుని ఆలోచించారు. ఇక పట్టం అని ఒట్టు వేసుకున్నారు. 2013లో ఆ వలలు లేవలేదు. ఒక్క ఏడాదిలో!

అక్కడి జనం పేదవాళ్ళే. పట్టిన డేగ వాళ్ళకు డబ్బే. అయినా ఆపగలిగారు. ఎందుకు? అందరూ కలిసి ఆపారు గనక. ఒక్కడే మానేస్తే వాడికి నష్టం. ఊరంతా మానితే అందరికీ గౌరవం.

మనం ఏం చేయగలం?

మన దగ్గర కూడా పిట్టల్ని పట్టి అమ్మడం నేరం. 1972లో వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం ఆ మాట చెబుతుంది. సంతలో పంజరాల్లో పిట్టల్ని తెచ్చి అమ్మితే కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళు ఉండరు.

పురుగు మందు పక్కవాడు కొట్టాడని కొట్టకండి. పురుగు ఉందో లేదో చూసి, వేప కషాయం లాంటివి ముందు వాడి, తప్పదంటేనే మందు కొట్టండి. పిట్ట ఒక్కటే కాదు, మందు పిచికారీ చేసేది, కలుపు తీసేది కూడా మనుషులే.

చెరువు గట్టున జమ్ము అంతా ఒక్కసారే కొట్టకండి. కొంచెం వదలండి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకో పని ఒక ఎత్తు. అది మీరు కొత్తగా నేర్చుకున్న పని. రాయడం.

ఆలోచించండి. వరిపూల పిట్ట తగ్గిందని లోకానికి ఎట్లా తెలిసింది? రష్యాలో, ఫిన్లాండులో, జపానులో, మంగోలియాలో కొందరు ఏటేటా ఒకే చోటికి పోయారు. ఎన్ని పిట్టలు ఉన్నాయో లెక్కపెట్టారు. తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నారు. అంతే. ఆ పుస్తకాలు లేకపోతే "ఒకప్పుడు ఎక్కువ ఉండేవంట" అన్న మాట మాత్రమే మిగిలేది. ఆ మాట ఏ అధికారీ వినడు. అంకె చూపిస్తే వింటాడు.

నెమ్మదిగా తగ్గేది కంటికి తెలియదు. పిల్లవాడు రోజూ ఎదుగుతున్నా తల్లికి తెలియనట్టే. గోడ మీద గీత గీసి పెడితే తెలుస్తుంది. రాసుకున్న లెక్క ఆ గీత లాంటిది.

మన ఊళ్ళకు వచ్చే పిట్టలు ఎప్పుడు వస్తాయో, ఎక్కడ వాలతాయో చేలో పని చేసేవాళ్ళకే ముందు తెలుస్తుంది. ఆ తెలివి ఇన్నాళ్ళూ మీ నోటిలోనే ఉంది. ఇప్పుడు కాగితం మీద పెట్టగలరు. కేంద్రంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. నాలుగు గీతలు గీయండి.

తేదీ.
చోటు.
పిట్ట పేరు, లేదా అది ఎట్లా ఉంది.
ఎన్ని.

పేరు తెలియకపోతే "తల నలుపు, పొట్ట పసుపు" అని రాస్తే చాలు. పదాల్లో తప్పులు పోయినా ఫర్వాలేదు. అంకె తప్పు పోకూడదు. చూసినన్నే రాయాలి. వచ్చే ఏడాది అదే నెలలో, అదే చోట మళ్ళీ రాయాలి.

మీ మనవరాలు ఒకరోజు ఆ పుస్తకం తెరిచి చూస్తుంది. "అమ్మమ్మ రాసింది, మా జొన్న చేలో ఒక్క పొద్దున 200 పసుపు పిట్టలు" అని చదువుతుంది. అప్పుడు ఆమె బయటికి వచ్చి చేను వైపు చూస్తుంది. అక్కడ పిట్టలు ఉండాలి.

అందుకు ఈ ఏడాది నుంచే రాయడం మొదలుపెట్టండి.

సెలవు.

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు ఊళ్ళో కనిపించి, ఇప్పుడు కనిపించని పిట్ట ఏది? అది ఎందుకు తగ్గి ఉంటుంది?

2. వరిపూల పిట్ట తగ్గడానికి నాలుగు కారణాలు చెప్పుకున్నాం. అవి ఏవి? వాటిలో పెద్దది ఏది? ఎందుకు?

3. మీ ఊళ్ళో 50 కొంగ గూళ్ళు ఉన్నాయి అనుకోండి. ఏటా 5 తగ్గితే ఎన్ని ఏళ్ళకు ఒక్కటీ మిగలదు? పలక మీద లెక్క వేయండి.

4. ఈ వారం మీరు చూసిన ఒక పిట్ట గురించి మూడు వాక్యాలు రాయండి.